గ్రూపు మొత్తాన్ని వేరే చోటికి మార్చడం ఎలా?

ప్రశ్న: పాత వాల్వ్ రేడియోలు బాగుచేసుకునేవాళ్ల గ్రూపు ఒకదానికి ఎనిమిదేళ్లుగా అడ్మిన్‌ని. ఒక పెద్ద సోషల్ మీడియా కంపెనీ యాప్‌లో నడుస్తోంది. సభ్యులు ఆరు వేలు దాటారు. మూడు నెలల కిందట ఒకాయన వాల్వుల (ఆ రేడియోల్లో ఉండే గాజు గొట్టాల) ఫొటో పెడితే, అది ఆయుధాల అమ్మకం అనుకుని కంపెనీవాళ్ల ఆటోమేటిక్ వ్యవస్థ గ్రూపునే మూసేసింది. తొమ్మిది రోజులు ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. పదో రోజు దానంతటదే తెరుచుకుంది. ఎందుకు మూశారో, ఎందుకు తెరిచారో చెప్పిన నాథుడు లేడు. ఒక కంపెనీ గుప్పిట్లో లేని వికేంద్రీకృత వేదికకి మారిపోవాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. మాస్టోడాన్ అనే అలాంటి వేదిక గురించి, మన డేటా మీద మన హక్కు గురించి మూడు పెద్ద పోస్టులు రాశాను. నాలుగు వందల లైకులు వచ్చాయి. అకౌంట్ తెరిచింది మాత్రం 23 మంది. నాలుగో రోజుకల్లా వాళ్లు కూడా పాత గ్రూపులోనే కనిపించారు. నాతోపాటు ఉన్న ఇంకో అడ్మిన్ "బాగా నడుస్తున్న గ్రూపుని రెండు ముక్కలు చేస్తున్నావు" అంటున్నాడు. జనాన్ని కదిలించేదెలా? ఎక్కడికి వెళ్తే మంచిది? ఒక తేదీ పెట్టి పాత గ్రూపు మూసేస్తే అందరూ వస్తారా?
— ఒక అడ్మిన్

జవాబు: చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. మీ ఉత్తరం చూస్తే ఈ వారంలోనే ఆ పని చేసేసేలా ఉన్నారు. మూసేయకండి. నేను ఆ పని చేసి చేతులు కాల్చుకున్నదాన్ని.

కొన్నేళ్ల కిందట గళ్ల నుడికట్లు తయారుచేసేవాళ్ల గుంపు ఒకటి నడిపేదాన్ని. రెండు వందల మందిమి ఉండేవాళ్లం. మేం ఉన్న చోట ప్రకటనలు ఎక్కువై, మా పోస్టులు మాకే కనిపించని పరిస్థితి వచ్చింది. నెల రోజులు గడువిచ్చి, ఫలానా తేదీన ఇక్కడ తాళం పడుతుందని ప్రకటించాం. ఆ ప్రకటన నేనే రాశాను, ఉపన్యాసంలా ఉండేది. ఇప్పుడు చదివితే నాకే సిగ్గేస్తుంది. తేదీ వచ్చింది, మూసేశాం. కొత్త చోటికి నలభై మంది వచ్చారు. నెల తిరిగేసరికి పదకొండు మంది మిగిలారు. మిగతావాళ్లని ఏమైందని అడుగుదామంటే అడగడానికి చోటు లేదు, దానికి తాళం వేసింది మేమే. ఏరు దాటాక తెప్ప తగలేసినవాళ్ల గురించి అందరం విన్నాం. మేం దాటకముందే తగలేశాం.

ఇక మీ 23 మంది సంగతి. ఆరు వేలలో 23 అంటే మీకు ప్రాణం ఉసూరుమని ఉంటుంది. కానీ ఆ ఆరు వేలు అనే లెక్కే మిమ్మల్ని మోసం చేస్తోంది. ఆన్‌లైన్ గుంపుల గురించి జేకబ్ నీల్సన్ అనే ఆయన 2006లో ఒక ఉజ్జాయింపు లెక్క రాశారు. నూటికి తొంభై మంది చదివి ఊరుకుంటారు, తొమ్మిది మంది అప్పుడప్పుడు ఒక మాట అంటారు, ఒక్కరు మాత్రం అసలు సరుకంతా అందిస్తారు. ఇది అన్నిచోట్లా తూకం వేసినట్టు సరిపోదు గానీ, అడ్మిన్లు ఎవరిని అడిగినా ఇంచుమించు అంతే అంటారు. ఆ లెక్కన మీ గ్రూపును నడిపిస్తున్నది దాదాపు అరవై మంది. ఒక పని చేయండి. గత మూడు నెలల పోస్టులు వెనక్కి తిప్పుకుంటూ వెళ్లి, ప్రశ్నలకి జవాబులు చెప్పినవాళ్ల పేర్లు కాగితం మీద రాసుకోండి. ఒకటి రెండు గంటల పని. ఆ పేర్లలో ఎంతమంది మీ 23 మందిలో ఉన్నారో చూడండి. పది పదిహేను మంది ఉంటే మీ ప్రయత్నం ఇప్పటికే సగం ఫలించినట్టు. ఒక్కరూ లేకపోతే మీరు పోస్టులు రాసింది వినేవాళ్ల కోసం, మాట్లాడేవాళ్ల కోసం రాయలేదు.

వాళ్లు నాలుగో రోజుకే ఎందుకు తిరిగొచ్చారు? మీరు రాయలేదు గానీ, నేను ఊహించగలను. మీ సభ్యుడొకాయన కొత్త చోట "మా సెట్టు ఆన్ చేస్తే గుయ్యిమని ఒకటే మోత, స్టేషన్ వినపడట్లేదు" అని రాసి ఉంటాడు. ఆరు గంటలైనా ఎవరూ పలకలేదు. అదే ప్రశ్న పాత గ్రూపులో వేస్తే పది నిమిషాల్లో మీ తోటి అడ్మినే "ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, ముందు అవి మార్చండి" అని చెప్పేశాడు. ఇంకెందుకు ఉంటాడు అక్కడ? మనుషులు జవాబు దొరికే చోటికి పోతారు. డేటా హక్కుల మీద మీరు రాసిన పోస్టుకి లైక్ కొట్టడం నిజమే, జవాబు కోసం పాత గ్రూపులోకి పోవడమూ నిజమే. ఆ రెంటికీ వాళ్ల మనసులో తగాదా ఏమీ లేదు.

మీ అంత పెద్ద కోపాలతో బయల్దేరినవాళ్లు ముందూ ఉన్నారు. 2022 అక్టోబరు 27న ట్విట్టర్ ఎలాన్ మస్క్ చేతికి వెళ్లింది. మాస్టోడాన్‌ని నెలలో కనీసం ఒక్కసారి వాడేవాళ్లు అంతకు ముందు దాదాపు మూడు లక్షలు ఉండగా, నవంబరుకల్లా 25 లక్షలు అయ్యారని దాన్ని తయారుచేసిన యూజెన్ రోచ్కో ఆ ఏడాది చివర్లో రాశారు. తర్వాతి నెలల్లో వాళ్లలో చాలామంది మెల్లగా వెనక్కి జారుకున్నారు. కోపం మనిషిని గుమ్మం దాకా తీసుకొస్తుంది, లోపల కూర్చోబెట్టదు. 2023 జూన్‌లో రెడిట్ అనే చర్చల సైటు మీద కోపం ఇంకో రకంగా బయటపడింది. బయటి యాప్‌లు తన డేటా వాడుకోవడానికి రెడిట్ భారీ రేట్లు పెట్టింది. నిరసనగా జూన్ 12న ఏడు వేలకు పైగా గ్రూపులు మూతపడ్డాయి, ఎక్కువ భాగం రెండు రోజుల కోసం. రెండు రోజులే అని ముందే చెప్పేశాక ఏ కంపెనీ అయినా ఏం చేస్తుంది? క్యాలెండర్ చూసుకుంటూ కూర్చుంటుంది. మొండికేసిన మోడరేటర్లని (గ్రూపులు నడిపేవాళ్లని) తీసేసి వేరేవాళ్లని పెడతామనే దాకా రెడిట్ వెళ్లింది. లెమ్మీ అనే వికేంద్రీకృత వేదికకి కొందరు మళ్లి అక్కడే స్థిరపడ్డారు గానీ, గ్రూపులకి గ్రూపులు పోయింది తక్కువ.

మొత్తంగా కదిలిన గుంపులు లేవా అంటే ఉన్నాయి. నాకు బాగా నచ్చేది ఫ్రీనోడ్ కథ. అది ఐఆర్‌సీ అనే పాతకాలపు చాట్ నెట్‌వర్క్, ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఎక్కువగా అక్కడే మాట్లాడుకునేవాళ్లు. 2021లో దాని యాజమాన్యం మీద గొడవైంది. దాన్ని నడిపే వలంటీర్లు కట్టగట్టుకుని బయటికొచ్చి మే 19న లిబెరా చాట్ అని కొత్తది ప్రకటించారు. ఉబుంటు, జెంటూ లాంటి పెద్ద ప్రాజెక్టులు వారాల్లోనే అక్కడికి మారిపోయాయి. అంత వేగం ఎలా సాధ్యమైంది? వాడేవాడికి సెట్టింగులో ఒక్క లైను మారింది, అంతే. అదే యాప్, అవే కమాండ్లు, అవే ఛానల్ పేర్లు, పలకరించేదీ ఆ పాత మనుషులే. అలవాటు ఎంత తక్కువ మారితే కదలిక అంత సులువు. ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. "మేం లిబెరాకి వెళ్తున్నాం" అని బోర్డు పెట్టుకున్న వందలాది ఛానళ్లని పాత యాజమాన్యం అదే నెలాఖరులోగా లాగేసుకుంది. అంటే, వెళ్తున్నామని అరిచే ముందే మూటాముల్లె సర్దుకుని ఉండాలి. మీరు మూడు పోస్టులతో అరిచేశారు. మూట సంగతి మీ ఉత్తరంలో ఎక్కడా కనపడలేదు.

మూట అంటే ఎనిమిదేళ్ల సర్క్యూట్ డయాగ్రాలు, మరమ్మతుల ఫొటోలు, "ఫలానా మోడల్‌లో ఈ రెసిస్టర్ విలువ పుస్తకంలో తప్పు పడింది" లాంటి ఎక్కడా దొరకని ముక్కలు. మీ గ్రూపు ఆస్తి అది. 2019 అక్టోబరులో యాహూ గ్రూప్స్ వాళ్లు పాత పోస్టులు, ఫైళ్లు డిసెంబరు తర్వాత ఉండవని ప్రకటించినప్పుడు, దాదాపు ఇరవై ఏళ్ల మాటలు రెండు నెలల్లో దించుకోవాల్సొచ్చింది. దించుకున్నవాళ్లు దించుకున్నారు. మిగతాది పోయింది. కాబట్టి మీ మొదటి పని కొత్త అకౌంట్లు తెరిపించడం అనుకోకండి. ఆ కంపెనీ డౌన్‌లోడ్ సౌకర్యం ఇస్తే వాడుకోండి. ఇవ్వకపోతే అరవై మందిలో నలుగురిని కూర్చోబెట్టి, మంచి వంద చర్చలు ఏరి, చేత్తో కాపీ చేయించండి. ఎవరు గీసిన డయాగ్రం అయితే వాళ్లని ఒక మాట అడగండి. ఈ అడగడం మర్యాద కోసమే అనుకునేరు, దీనివల్ల ఇంకో లాభం ఉంది. "మీ డయాగ్రం పోకుండా దాచుతున్నాం, పేరు వేయమంటారా?" అని అడిగిన మనిషి మీ కొత్త చోటిని తనదిగా చూడడం మొదలుపెడతాడు. నా మూడు పేజీల ఉపన్యాసం చేయలేని పని అది. రెండోసారి నేను ఇలాగే చేశాను. పాత నుడికట్లు ఒక్కొక్కటే అడిగి తీసుకుని ఒక సైటులో పెట్టాం. "నా ఆధారాల్లో అచ్చుతప్పు ఉంది, సరిచేస్తారా" అంటూ ఒకావిడ వచ్చింది, ఆవిడే ఇప్పుడు అక్కడ మోడరేటరు.

ఆ సరుకుని మీ సొంత డొమైన్ (వెబ్ అడ్రసు) మీద, మామూలు వెబ్‌సైటులా పెట్టండి. అడ్రసు మీదైతే రేపు కింద సాఫ్ట్‌వేర్ ఏది మారినా జనానికి తెలియాల్సిన పనిలేదు. డొమైన్ చివరి అక్షరాలు ఎంచుకునేటప్పుడు కూడా కాస్త చూసుకోండి. మాస్టోడాన్ అంటే వేర్వేరు మనుషులు విడివిడిగా నడిపే సర్వర్ల (కంప్యూటర్ల) గుంపు. 2024 ఫిబ్రవరిలో వాటిలో ఒక సర్వర్ మూతపడింది. దాని అడ్రసు ఆఫ్ఘనిస్తాన్‌కి చెందిన డాట్ ఏఎఫ్‌తో ఉండడం, అక్కడి తాలిబాన్ ప్రభుత్వం దాన్ని నిలిపేయడం అందుకు కారణం. ముచ్చటైన పేరు కుదిరిందని ఏదో ఒక దేశం అక్షరాలు తగిలించుకుంటే ఆ దేశం దయ మీద బతకాలి. పాస్‌వర్డు మీతోపాటు ఇంకొకరి దగ్గర కూడా ఉండాలి, రెన్యువల్ తేదీ ఇద్దరికీ గుర్తుండాలి.

ఎక్కడికి అంటారా? మీది ప్రశ్న, దాని కింద జవాబులు, నాలుగేళ్ల తర్వాత వెతికితే దొరకాలి. ఈ రకం గుంపుకి మాస్టోడాన్ అంత సరిపోదు. అది మనుషులని ఫాలో అయ్యే చోటు. గ్రూపు అనే గది అందులో విడిగా ఉండదు, హ్యాష్‌ట్యాగులతో నెట్టుకురావాలి. మీకు లెమ్మీ దగ్గరగా ఉంటుంది. ఒక్కో విషయానికి ఒక కమ్యూనిటీ, పోస్టు కింద చెట్టు కొమ్మల్లా జవాబులు. ఈ రెండూ యాక్టివిటీపబ్ అనే ఒకే ప్రోటోకాల్, అంటే సర్వర్ల మధ్య ఒకే భాష, మాట్లాడతాయి (వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ 2018 జనవరిలో దాన్ని ఖరారు చేసింది), కాబట్టి మాస్టోడాన్‌లో ఉన్న మీ 23 మంది అక్కడి నుంచే లెమ్మీ కమ్యూనిటీని ఫాలో అయి జవాబులు రాయొచ్చు. వాళ్ల శ్రమ వృథా కాలేదు. ట్విట్టర్ లాంటి బ్లూస్కై అనే వేదిక వాడడానికి తేలిక, డొమైన్ పేరునే అకౌంటు పేరుగా పెట్టుకోవచ్చు. కానీ అక్కడ జనంలో అత్యధికులు ఇప్పటికీ ఒకే కంపెనీ సర్వర్ల మీద ఉన్నారు. మీరు పారిపోతున్నదే ఒక కంపెనీ నుంచి కాబట్టి అది తెలిసి వెళ్లండి. రోజువారీ కబుర్లకి చాట్ గది కావాలంటే మ్యాట్రిక్స్ ఉంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా తన ఐఆర్‌సీ చాట్‌ని 2020లో దానికే మార్చుకుంది. అన్నీ ఒకేసారి తెరవకండి, ఉన్న అరవై మంది నాలుగు గదుల్లో పదిహేను మంది చొప్పున చెదిరిపోతారు.

సొంత సర్వర్ పెట్టాలని మీకు చెయ్యి దురద పెడుతూ ఉంటుంది, రేడియోలు విప్పే చేతులు కదా. మొదటి ఏడాది వద్దు. అప్‌డేట్లు, బ్యాకప్‌లు, స్పామ్, రాత్రి రెండింటికి డిస్కు నిండిపోవడం, ఇవన్నీ మీ ఒక్కరి నెత్తిన పడతాయి. మీకు విసుగొచ్చిన రోజు గ్రూపు ఆరిపోతుంది. పాత కంపెనీ తొమ్మిది రోజులు మూసింది, మీరు శాశ్వతంగా మూసినవాళ్లవుతారు. నియమాలు స్పష్టంగా రాసి ఉన్న, ఒకరికంటే ఎక్కువమంది నడుపుతున్న సర్వర్ చూసుకుని అందులో చేరండి. మాస్టోడాన్ వాళ్ల అధికారిక జాబితాలో చోటు కావాలంటే రోజూ బ్యాకప్ తీస్తామని, మూసేస్తే కనీసం మూడు నెలల ముందు చెప్తామని సర్వర్ నడిపేవాళ్లు మాటివ్వాలి. వేరే వేదిక అయినా అదే ప్రశ్న అడగండి: మీరు ఆపేయాల్సొస్తే మాకు ఎన్నాళ్ల ముందు చెప్తారు?

ఒక్క సంగతి మీ సభ్యులకి దాచకుండా చెప్పాలి. వికేంద్రీకృతం అంటే యజమాని లేని చోటు అని మీ పోస్టుల్లో రాసి ఉంటారేమోనని నా అనుమానం. యజమానులు ఉంటారు, చాలామంది ఉంటారు. నచ్చనివాణ్ని వదిలి ఇంకొకరి దగ్గరికి పోయే దారి ఉంటుంది, తేడా అక్కడే. ఆ దారి కూడా ఎక్స్‌ప్రెస్ హైవే ఏం కాదు. మాస్టోడాన్‌లో సర్వర్ మారితే ఫాలోవర్లు మీ వెంట వస్తారు, రాసిన పోస్టులు మాత్రం పాతచోటే ఉండిపోతాయి. పాత సర్వర్ బతికి ఉండగానే ఈ మార్పు చేసుకోవాలి. లెమ్మీలో ఒక కమ్యూనిటీని దాని చర్చలతో సహా ఎత్తి ఇంకో సర్వర్‌లో పెట్టడం కుదరదు. అందుకే సరుకు మీ డొమైన్‌లో ఉండాలని అంత గట్టిగా చెప్పాను. ఇంకోటి, మాస్టోడాన్‌లో ప్రైవేటుగా పంపే మెసేజ్‌లు సర్వర్ నడిపేవాళ్లు తలుచుకుంటే చదవగలరు. డిలీట్ చేసిన పోస్టు వేరే సర్వర్‌లో కాపీగా మిగిలిపోవచ్చు. ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు అక్కడ రాసుకోవద్దని మొదటి రోజే చెప్పండి.

మీ తోటి అడ్మిన్ మాట నాకు తీసిపారేయాలనిపించలేదు. రోజూ జవాబులు చెప్పేవాళ్లలో ఆయన కూడా ఉంటారని నా ఊహ. ఊరంతా ఒకదారి ఉలిపికట్టెదొక దారి అన్నట్టు మీరొక్కరే వెళ్తున్నారని ఆయన బాధ. ఆయన్ని ఒప్పించే ప్రయత్నం మానేసి ఒక సాయం అడగండి. ఎనిమిదేళ్లలో మళ్లీ మళ్లీ వచ్చిన ఇరవై ప్రశ్నలు, వాటికి ఆయన చెప్పే జవాబులు రాసిమ్మనండి, ఆయన పేరుతో సైటులో పెడతామని చెప్పండి. గ్రూపు మళ్లీ తొమ్మిది రోజులు మూతపడితే జనానికి చూపించడానికి ఏదో ఒకటి ఉండాలన్న మాటకి ఆయన కూడా కాదనలేరు. కొత్త వేదిక ప్రస్తావన అప్పటికి అక్కర్లేదు.

జనాన్ని చేర్చేటప్పుడు "సర్వర్ ఎంచుకోండి" అనే తెర వాళ్లకి కనపడనివ్వకండి. మా గుంపులో ఒక పెద్దాయనకి ఫోన్లో అకౌంట్ తెరిపించడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. అందులో అరగంట ఆ ఒక్క తెర దగ్గరే. "సర్వర్ అంటే నాకు హోటల్లో వచ్చేవాడే తెలుసమ్మా, ఇంతమందిలో ఎవరిని పిలవాలి?" అన్నాడు. నవ్వాను గానీ తప్పు నాదే. మీరే ఒక సర్వర్ ఎంచి, నేరుగా అక్కడ అకౌంట్ తెరుచుకునే లింక్ ఇవ్వండి. మిగతాది ఎవరికైనా తెలుసుకోవాలనిపిస్తే, మీవాళ్లకి చెప్పడం చాలా సులువు: ఒకే టవర్ నుంచి వచ్చే ప్రసారం ఇప్పుడున్నది, హామ్ రేడియోలో లాగా ఎవరి సెట్టు వాళ్లది, అందరూ ఒకే బ్యాండ్ మీద మాట్లాడుకునేది రాబోయేది. మీ సభ్యుల్లో సగం మందికి ఈ ఒక్క వాక్యం చాలు.

పాత గ్రూపులో ప్రశ్న వస్తే అక్కడే రెండు ముక్కల్లో జవాబివ్వండి. లింక్ మాత్రం పడేసి పోతే అడిగినవాడికి ఒళ్లు మండుతుంది. డయాగ్రం, పూర్తి వివరం, తర్వాతి సందేహాలు కొత్త చోట పెట్టండి. లెమ్మీ పోస్టులు సాధారణంగా లాగిన్ లేకుండా చదవొచ్చు, అకౌంట్ తెరవమని ఎవరినీ బతిమాలక్కర్లేదు. అరవై మందిలో పదిమంది, వారానికి ఇద్దరు వంతులు వేసుకుని, కొత్త చోట వచ్చే ప్రశ్నకి గంటలోపు జవాబు వచ్చేలా చూడండి. నాలుగైదు నెలలు ఇలా నడిచాక పాత గ్రూపు దానంతటదే పలచబడుతుందో లేదో చూద్దురుగాని. పలచబడకపోయినా రెండోచోటు సిద్ధంగా ఉంటుంది.

మీరు రాయబోయే నాలుగో పోస్టు ఇలా ఉంటే చాలు: "నిన్న డయల్ తాడు ఎలా చుట్టాలని అడిగారు కదా. స్ప్రింగ్ వైపు నుంచి మొదలుపెట్టి మూడు చుట్లు వేయాలి. ఒక్కో చుట్టుకీ ఒక ఫొటో తీసి ఈ కింది లింక్‌లో పెట్టాం, లాగిన్ అక్కర్లేదు. మీ సెట్టులో కప్పీలు నాలుగు ఉంటే అక్కడే చెప్పండి, దాని బొమ్మ కూడా ఉంది." వికేంద్రీకరణ అనే మాట అందులో ఎక్కడా రానివ్వకండి.